చుట్టానికి ఇల్లిచ్చిందెవరు?

అద్దింట్లో గోడ నానిందనుకోండి. రిపేరు ఖర్చు ఎవరిది? "ఉంటున్నది మీరే కదా" అంటాడు ఓనరు. "ఇల్లు మీదే కదా" అంటాం మనం. హైదరాబాదులోనో బెంగుళూరులోనో అద్దెకున్న ప్రతి సాఫ్ట్‌వేరు జీవికీ ఈ గొడవ అనుభవమే. దేశాల స్థాయిలో కూడా సరిగ్గా ఇదే గొడవ ఉంది. కాకపోతే అక్కడ ఓనరుని "ఆతిథ్య దేశం" అంటారు, అద్దెకున్నవాడిని "అంతర్జాతీయ సంస్థ" అంటారు. అంతే తేడా.

న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి ఆఫీసు సంగతే చూడండి. 1946లో రాక్‌ఫెల్లర్ 85 లక్షల డాలర్లిచ్చి స్థలం కొనిపెట్టాడు. కట్టడానికి అమెరికా 1948లో 6.5 కోట్ల డాలర్లు వడ్డీ లేకుండా అప్పిచ్చింది. ఆ అప్పు తీరేసరికి 1982 వచ్చింది! ఆ తర్వాత బిల్డింగు పాతబడింది. ఈసారి అమెరికా వడ్డీకి ఇస్తానంది. సభ్యదేశాలు దండం పెట్టి, 2006లో 187.7 కోట్ల డాలర్ల ఖర్చుకి ఒప్పుకుని తమ చందాల్లోంచే రిపేరు చేయించుకున్నాయి. జెనీవాలో కథ వేరు. అక్కడి పాత నానాజాతి సమితి భవనాన్ని బాగుచెయ్యడానికి 2015లో 83.65 కోట్ల ఫ్రాంకుల ప్లాను ఆమోదించారు. అందులో 40 కోట్లు స్విట్జర్లాండు అప్పుగా ఇచ్చింది. ఇది దానధర్మం అనుకునేరు... సంస్థలు వేరే ఊరికి లేచిపోకుండా ఉండాలంటే ఇల్లు బాగుండాలని వాళ్ళకి బాగా తెలుసు. కంపెనీలు వెళ్ళిపోకుండా మన ప్రభుత్వాలు భూములూ రాయితీలూ ఇస్తున్నాయి కదా, అలాంటిదే.

సరే, ఇక మన ఊరి సంగతికొద్దాం. మనమూ ఓ పెద్ద చుట్టానికి ఇల్లిచ్చాం. లింగంపల్లి దాటి పటాన్‌చెరు వైపు వెళ్ళే ప్రతివాళ్ళూ ఆ పొడవాటి ప్రహరీ చూసే ఉంటారు. ఇక్రిశాట్! 1972లో పెట్టారు. ఎర్రనేల, నల్లరేగడి రెండూ పక్కపక్కనే ఉన్న చోటు కావాలన్నారు, పటాన్‌చెరులో దొరికింది. 1,394 హెక్టార్లు, అంటే దాదాపు 3,445 ఎకరాలు. 1975లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1979లో చరణ్‌సింగ్ జాతికి అంకితం చేశారు. ఐక్యరాజ్యసమితి సంస్థలకి ప్రత్యేక హక్కులిచ్చే 1947 నాటి చట్టాన్ని మన ప్రభుత్వం దీనికీ వర్తింపజేసింది.

తర్వాత రిపేర్లూ, కొత్త హంగులూ వచ్చాయి. వీటిలోనూ ఆతిథ్య దేశం చెయ్యి ఉంది. జన్యుశాస్త్ర పరిశోధన కేంద్రానికి 2007లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డబ్బిచ్చింది. వాతావరణ మార్పు వల్ల వచ్చే చీడపీడల మీద పరిశోధన కేంద్రానికి సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ సాయం చేసింది. 2022 ఫిబ్రవరి 5న, స్వర్ణోత్సవాలప్పుడు, ప్రధాని వచ్చి దాన్ని ప్రారంభించారు. ఇందులో నాకేం అభ్యంతరం లేదు. కంది, శనగ, వేరుశనగ, సజ్జల్లో వాళ్ళు చేసిన పని తక్కువేం కాదు.

నా అనుమానమల్లా ఒకటే. "భారతదేశం స్థలమిచ్చింది" అని ఒక్క ముక్కలో రాసేస్తాం. కానీ దేశం దగ్గర విడిగా స్థలం ఎక్కడుంది? ఆ 3,445 ఎకరాల్లో మన్మూల్, కాచిరెడ్డిపల్లి అని రెండు ఊళ్ళుండేవి. ఆ ఊళ్ళు ఖాళీ అయితేనే చుట్టానికి ఇల్లొచ్చింది. అసలు ఆతిథ్యం వాళ్ళది, పేరు మాత్రం ఢిల్లీది.

ఇంకో విషయం. ఇక్రిశాట్‌లో పనిచేసి ఉద్యోగం పోయినవాళ్ళు హైకోర్టుకి, అక్కణ్ణించి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. జి.బస్సిరెడ్డి కేసు, 2003. ఈ సంస్థ మన రాజ్యాంగం చెప్పే "రాజ్యం" కిందకి రాదు, కాబట్టి దీని మీద రిట్ చెల్లదు అని కోర్టు తేల్చింది. సంస్థకొచ్చే డబ్బులో భారత ప్రభుత్వ వాటా తక్కువ, పాలకమండలిలో పట్టూ తక్కువ అన్నది కారణాల్లో ఒకటి. చట్టప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ సామాన్యుడి వైపు నుంచి చూడండి... భూమి మనది, మనుషులు మనవాళ్ళు, తలుపు మాత్రం వేరేవాళ్ళది.

ఇప్పుడు అరకు వైపు వెళ్దాం. అదే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, దాదాపు అదే కాలం. 1970లో వచ్చిన చట్టం, అందరూ 1/70 అంటారు కదా, ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి పోకూడదంది. అయినా అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో ప్రైవేటు గనుల కంపెనీలకి ప్రభుత్వమే లీజులిచ్చింది. "సమత" సంస్థ కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయారు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు మాత్రం, చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా అని తేల్చింది. అంటే గిరిజన ప్రాంతంలో తన చేతిలో ఉన్న భూమిని సైతం ప్రభుత్వం గిరిజనేతరులకి లీజుకివ్వకూడదన్నమాట. గనుల లాభంలో కనీసం 20 శాతం స్థానికుల కోసం పక్కన పెట్టాలని కూడా చెప్పింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. ఒకచోట, ఇల్లిచ్చినవాడికి అడిగే తలుపే లేదు. ఇంకోచోట, ఇచ్చేసే అధికారం ప్రభుత్వానికే లేదు. పటాన్‌చెరు రైతుకీ, బొర్రా గిరిజనుడికీ మధ్య ఉన్న తేడా ఒక్క చట్టమే.

ఇక్కడే ఇంకో ముడి ఉంది. ఇక్రిశాట్ అసలు ఆస్తి ఆ బిల్డింగులు కాదు, విత్తన నిధి. 144 దేశాల నుంచి వచ్చిన 1,20,000 పైచిలుకు రకాలు చల్లటి గదుల్లో ఉన్నాయి. రాగులు, సామలు, కొర్రలు కూడా. అరకు వైపు రాగుల్ని చోళ్ళంటారు. చోడి అంబలి తాగి కొండపోడులో పనికెళ్ళేవాళ్ళకి, ఏ గింజ ఏ వాలులో పండుతుందో తాతల కాలం నుంచీ తెలుసు. అలాంటి కొండరైతులు దాచుకున్న గింజలే ఏ విత్తన నిధికైనా పెట్టుబడి. అంటే ఆతిథ్యమిచ్చినవాళ్ళ లెక్కలో వీళ్ళూ ఉండాలి. ఒప్పందంలో సంతకం మాత్రం వీళ్ళది ఉండదు.

అలాగని గింజ లోపలికెళ్తే మళ్ళీ రాదని కాదు. బోట్స్వానా, కెన్యా, ఇథియోపియా లాంటి దేశాల్లో సేకరించిన రకాల్ని ఇక్రిశాట్ ఆ దేశాలకే తిరిగిచ్చింది. దేశానికి తిరిగివ్వగలిగినప్పుడు ఊరికి ఎందుకివ్వకూడదు? రేపు ఇంకో ల్యాబుకి మన పన్నుల డబ్బు ఇచ్చేటప్పుడు, బదులుగా ఏటా కొన్ని కొండ ఊళ్ళలో పాత చోడి, సామ రకాల్ని మళ్ళీ వేయించాలని ఒక్క షరతు రాసుకుంటే సరిపోతుంది. జెనీవాలో స్విస్సువాళ్ళు తమ లాభం చూసుకునే అప్పిచ్చారు. మనం కూడా చూసుకుంటే తప్పేంటి? కాకపోతే ఆ లాభం ఢిల్లీ దగ్గరే ఆగిపోకూడదు.

చుట్టం వచ్చాడని మంచి గది ఇవ్వడం మన మర్యాదే. కానీ ఆ గది కోసం అరుగు మీదకి మారిన మనిషెవరో గుర్తుంచుకోవడం కూడా మర్యాదే కదా?