చిలికా మొగ దగ్గర మనవరాలు అడిగిన ప్రశ్న

పోయిన సంక్రాంతి సెలవులకి పిల్లలంతా బరంపురం చేరారు. పూరీ దర్శనం అయ్యాక, మర్నాడు చిలికాలో పడవ ఎక్కాలని వాళ్ల పట్టు. సరేనని పూరీకి ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న సతపడా వెళ్లాం. అక్కడ మోటారు పడవలు ముందు డాల్ఫిన్లు తిరిగే చోటికి, తర్వాత చిలికా సముద్రంలో కలిసే చోటికి తీసుకెళతాయి. అక్కడ ఇసుక దిబ్బ మీద దిగి, కాసేపు స్నానం చేసి వెనక్కి రావచ్చు. ఆ కలిసే చోటుని ఒడియాలో ముహాణ అంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు మొగ అనేవారు.

మేం పడవవాడితో ఒడియాలోనే మాట్లాడాం. లోపల కూర్చున్నాక మాలో మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే విని, "ఆంధ్రా నుంచి వచ్చారా?" అని అడిగాడు. బరంపురం అని చెప్పాను. పక్కనే ఉన్న మనవరాలు వెంటనే అందుకుంది. "తాతా, మనం ఆంధ్రా నుంచి ఇక్కడికి ఎప్పుడొచ్చాం? బడిలో నన్ను ఆంధ్రా అమ్మాయి అంటారు. వైజాగ్ వెళితే పిన్ని పిల్లలు ఒడియావాళ్లు వచ్చారంటారు."

అది నవ్వుతూనే అడిగింది గాని, నాకు నవ్వు రాలేదు. నా చిన్నప్పుడు నేనూ రెండు వైపులా ఈ మాటలే పడ్డాను. "మొగ దగ్గరికి వెళ్లాక చెప్తా" అన్నాను.

ముందు చిలికా సంగతి. ఇది చెరువూ కాదు, సముద్రమూ కాదు. మహానది పాయలు తెచ్చే మంచినీళ్లు, మొగలోంచి లోపలికి వచ్చే ఉప్పునీళ్లు కలిసే చోటు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది, ఎండాకాలంలో 900 దగ్గరికి తగ్గుతుంది. పూరీ, ఖుర్దా, గంజాం మూడు జిల్లాలదీ ఇందులో వాటా. సముద్రానికీ దీనికీ మధ్య ఉన్నది పొడుగాటి ఇసుక కట్ట. ఆ కట్టకి ఉన్న కన్నమే మొగ.

ఆ కన్నం ఒక్కచోట ఉండదు. నైరుతి వానల రోజుల్లో అలలు ఒడ్డుకి ఏటవాలుగా కొట్టి ఇసుకని ఈశాన్యం వైపు తోసుకుపోతాయి. దాంతో మొగ కూడా ఏళ్ల తరబడి అటే జరుగుతూ, పూడుతూ వస్తుంది. నా చిన్నప్పుడు అది అరఖకుద వైపు, చాలా దూరంగా ఉండేది. 1990ల నాటికి సముద్రపు పోటు సరస్సులోకి సరిగా అందలేదు. నీళ్లలో ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేపలూ రొయ్యలూ పడిపోయాయి. 1981లో మన దేశం నుంచి మొదటగా రామ్‌సార్ జాబితాకెక్కిన రెండు చోట్లలో ఒకటైన చిలికాని, 1993లో దెబ్బతిన్న తడినేలల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. చివరికి చిలికా అభివృద్ధి సంస్థవాళ్లు సిపకుద దగ్గర ఇసుక కట్టని తవ్వి, 2000 సెప్టెంబరు 23న కొత్త మొగ తెరిచారు. ఉప్పునీరు తిరిగొచ్చింది, వేట కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెరిగింది. 2002లో ఆ చెడ్డ జాబితాలోంచి చిలికా పేరు తీసేశారు. 2008లో సముద్రం తనంతట తనే గబకుంద దగ్గర ఇంకో మొగ తెరుచుకుంది. అంటే మా నాన్నమ్మ నోట విన్న మొగా, నేను చూసిన మొగా, ఇవాళ పిల్లలు చూసేదీ మూడూ ఒకటి కావు.

డాల్ఫిన్ల దగ్గర పడవవాడు ఇంజను ఆపాడు. ఆపమని అడగడం మన బాధ్యత కూడా, పంకా తగిలితే వాటికి గాయాలవుతాయి. మొద్దు ముఖంతో బూడిద రంగు వీపొకటి లేచి మునిగింది. వీటిని ఐరావతి డాల్ఫిన్లంటారు, బర్మాలోని ఐరావతి నది పేరే. ఆ పేరు వినగానే నాకు గోపాల్‌పూర్ గుర్తొచ్చింది. బరంపురానికి 16 కిలోమీటర్ల దూరంలోని ఆ రేవు నుంచే ఒకప్పుడు మనవాళ్లు "రంగం" వెళ్లేవారు. ఓడ ఒడ్డుకి రాలేదు, దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. జనాన్నీ సరుకునీ అలలు దాటించి ఓడకి చేర్చింది మన నోలియాల పడవలే. ఇనుప మేకు లేకుండా, చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టి చేసిన పడవలవి. అల కొడితే విరక్కుండా వంగుతాయి. ఒడిశా తీరంలో వాటిని పడువా అంటారు. మన పడవే అది.

మొగ చేరాం. ఇటు సరస్సు, అటు సముద్రం, మధ్యలో కొన్ని అడుగుల ఇసుక. పడవవాడు సముద్రం వైపు ఎవరినీ దిగనివ్వలేదు. ఆటు మొదలైతే సరస్సు నీళ్లన్నీ మొగలోంచి బయటికి పరిగెడతాయి, ఎంత ఈతగాడినైనా లాక్కుపోతాయి. సరస్సు వైపు, నడుము లోతు దాటకుండా, ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగాం. పూరీలో తెల్లటి కోసు టోపీ పెట్టుకుని యాత్రికుల చేయి పట్టి అలల్లోకి దింపే నోలియాలు చేసేదీ ఇదే పని. వాళ్ల ఇంటి మాట ఇవాళ్టికీ తెలుగే. పూరీలోని పెంఠకట పేటలోకి వెళితే శ్రీకాకుళం యాస వినపడుతుంది.

స్నానం అయ్యాక ఇసుక మీద కూర్చుని మనవరాలికి చెప్పాను.

"మనం రాలేదమ్మా. గీత వచ్చింది."

గంజాం జిల్లా 1936 మార్చి 31 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం, బరంపురం, రంభ అన్నీ ఒకే జిల్లా. ఏప్రిల్ 1న కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. గీత ఇచ్ఛాపురానికి ఈవల పడింది. బరంపురం ఇటు, ఇచ్ఛాపురం అటు. దక్షిణం తాలూకాలు విశాఖ జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. పర్లాకిమిడి జమీందారీని అయితే నడిమికి చీల్చారు. పట్టణం ఇటొచ్చింది, కొన్ని ఊళ్లు అటు పోయాయి. మా ఇంటి పాత దస్తావేజు తెలుగులో ఉంటుంది, పైన "గంజాం జిల్లా" అనే ఉంటుంది. ఇల్లు అదే, వీధి అదే. వి.వి.గిరి 1894లో ఇదే బరంపురంలో పుట్టారు. అప్పుడు ఊరు మద్రాసుది. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యేనాటికి అదే ఊరు ఒరిస్సాది.

"అయితే మనకి అన్యాయం జరిగిందా?" అని అడిగింది.

ఇక్కడే పిల్లలకి సగం కథ చెప్పకూడదు. 1936కి ముందు గంజాంలో కోర్టుల్లోనూ కచేరీల్లోనూ పైచేయి తెలుగుది. సొంత ఊళ్లో ఒడియా మాట్లాడేవాడు తన అర్జీ ఇంకొకరి భాషలో రాయించుకోవాల్సిన రోజులున్నాయి. ఆ బాధలోంచే వాళ్ల ఉద్యమం పుట్టింది. దానికి బీజం పడ్డ చోట్లలో ఇదే చిలికా దక్షిణపు ఒడ్డునున్న రంభ ఒకటి. ఈస్టిండియా కంపెనీ కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించిన భవనం తర్వాత ఖల్లికోట రాజుల చేతికొచ్చింది. రాజా హరిహర మర్దరాజ్ ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. 1903 డిసెంబరులో కటక్‌లో మధుసూదన్ దాస్ ముందుండి నడిపిన ఉత్కళ సమ్మిళని తొలి సభ జరిగింది. ఇవాళ బడిలో తెలుగు చెప్పేవారు లేక మనం పడే బాధ, అప్పట్లో వాళ్లు పడ్డదే. వాళ్లది న్యాయమైన కోరిక అని ఒప్పుకుంటేనే, మన తెలుగు బడి కోసం మనం అడిగేదానికీ బలం ఉంటుంది.

"మరి బడిలో ఏం చెప్పాలి?"

"బరంపురం అమ్మాయినని చెప్పు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండూ నావే అని చెప్పు. వైజాగ్‌లో అడిగినా ఇదే జవాబు."

పోటు మొదలయ్యే వేళకి పడవవాడు కేకేశాడు. వెనక్కి వస్తుంటే మనవరాలు అతనికి ఒడియాలో, ఆంధ్రా నుంచి కాదు, బరంపురం నుంచే, ఎప్పట్నుంచో అక్కడే అని చెప్పింది. అతను నవ్వి, తన ఊరి మొగ కూడా రెండుసార్లు చోటు మార్చింది గాని తాము మాత్రం ఇక్కడే ఉన్నామన్నాడు.

మన బంధువుల్లో ఎవరింట్లోనైనా 1936 ముందు నాటి దస్తావేజులు, శిస్తు రసీదులు, రంగం నుంచి వచ్చిన ఉత్తరాలు ఉంటే, చెదలు పట్టకముందే ఫోటో తీసి దాచండి. పిల్లలు ఈ ప్రశ్న ఎలాగూ అడుగుతారు. అప్పుడు చేతికి కాగితం ఒకటి ఇవ్వగలిగితే, మన మాట వాళ్లకి కథలా కాకుండా సాక్ష్యంలా ఉంటుంది.