‘కాటన్’ అను మాట - నదాఫుల పేరు

కోసిగి ప్రాంతపు ప్రత్తి ఆదోని మార్కెట్టుకు చేరుతుంది. చేనిలో ఉన్నంతవరకు అది ప్రత్తి. గింజ తీస్తే దూది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో రూయీ. బట్టల దుకాణంలో మాత్రం అందరికీ కాటనే. దొరలతో వచ్చినందున ఈ మాట ఇంగ్లీషువారి సొత్తని మనవారు తలుస్తారు. నిజానికి అది అరబ్బీ ‘ఖుత్న్’.

ముస్లిముల పాలనలో ప్రత్తి సేద్యం స్పెయిన్, సిసిలీలలో వ్యాపించింది. 12వ శతాబ్దంలో ఇష్బీలియా (సెవిల్) నివాసి ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథంలో ఈ పంటను గూర్చి వ్రాశాడు. పంట వెంట పేరూ నడిచింది. స్పానిష్ భాష ‘అల్’ అనే అరబ్బీ ఉపపదాన్ని సైతం వదలక ‘అల్గొదోన్’ అన్నది. ఇటాలియన్ ‘కొతోనె’, ఫ్రెంచి ‘కొతోఁ’ల తరువాత 14వ శతాబ్దంలో అది ఇంగ్లీషులో కనబడుతుంది. (ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఇంటిపేరు వేరు. అది గుడిసెలను తెలిపే పాత ఇంగ్లీషు మాట నుండి వచ్చింది.)

సంస్కృత ‘కార్పాసం’ కూడ పారశీకంలో ‘కర్పాస్’, అరబ్బీలో ‘కిర్బాస్’ అయి పడమటికి పోయింది. అరబ్బీలో ప్రత్తికి ‘కుర్సుఫ్’ అనే మాట మరొకటి గలదు. దైవప్రవక్త (స) కఫన్‌గా వాడిన మూడు తెల్లని యమన్ వస్త్రాలు కుర్సుఫ్‌తో నేసినవని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉన్నది.

ప్రత్తి వర్తకుడు ఖత్తాన్, గింజ వేరుచేసేవాడు హల్లాజ్, దూది ఏకేవాడు నద్దాఫ్. హదీసు ఉల్లేఖకుల యోగ్యతను తూచిన మహాపండితుడు యహ్యా బిన్ సయీద్ అల్‌ఖత్తాన్ (మరణం హి. 198, క్రీ.శ. 813). 922లో బాగ్దాదులో మరణశిక్ష పొందిన సూఫీ హల్లాజ్. ఈ బిరుదులు వారికి చిన్నతనం కాలేదు.

మన సీమలో నద్దాఫ్ ‘నదాఫ్’, ‘లద్దాఫ్’ అయినాడు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితా ‘బి’ వర్గంలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ పేర్లు ఒకే వరుసలో ఉన్నవి. నరం బిగించిన వింటితో దూది ఏకిన వీరి ఇంటిభాష ఎక్కువగా తెలుగు. ఆ కారణం చెప్పియే సాటి ముస్లిములలో కొందరు వీరితో వియ్యమందుటకు వెనుదీశారు. మదరసాలో ఖత్తాన్‌ను ‘ఇమామ్’ అని స్మరించిన నోటితోనే వీధిలో ‘దూదేకులవాడు’ అని ఈసడించడం విడ్డూరం.

గింజ తీసే పని జిన్నింగు మిల్లులకు, ఏకే పని యంత్రాలకు పోయింది. విల్లు మూలపడినా పేరు పోలేదు. కర్నూలు జిల్లాలో ఎందరికో దూదేకుల అనేదే ఇంటిపేరు. కర్ణాటకలో అదే నదాఫ్.