కోకా సుబ్బారావు

కోకా సుబ్బారావు (1902 జులై 15 – 1976 మే 6): ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల తొలి ప్రధాన న్యాయమూర్తి, సుప్రీంకోర్టు తొమ్మిదవ ప్రధాన న్యాయమూర్తి. జన్మస్థలం రాజమండ్రి. అక్కడి ఆర్ట్స్ కాలేజీలో, తర్వాత మద్రాసు లా కాలేజీలో చదివి, మామగారు పి. వెంకటరమణారావు నాయుడు వద్ద జూనియరుగా చేరారు. కొంతకాలం బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశారు. భార్య సోదరుడు పి.వి. రాజమన్నారుతో కలిసి ప్రాక్టీసు సాగించి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. రాజమన్నారు అదే సంవత్సరం ఆ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి కావడం విశేషం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా, తొమ్మిది నెలలపాటు వ్యాజ్యాలు మద్రాసుకే వెళ్లేవి. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం స్ఫూర్తితో రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు దక్కాయి. 1954 జులై 5న గుంటూరులో మొదలైన ఆ కోర్టుకు తొలి సారథి సుబ్బారావే. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్‌గానూ ఆయనను కొన్ని జీవిత సంగ్రహాలు పేర్కొంటాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అవతరణ తేదీని చాలా గ్రంథాలు 1956 నవంబరు 5గా ఇస్తాయి; రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అమలైనది నవంబరు 1 కనుక ఈ రెండో తేదీని గ్రహించడమే సబబు.

1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో 6–5 మెజారిటీతో తేల్చిన ధర్మాసనం ఆయనదే. పాత రాజ్యాంగ సవరణలను కదపకుండా, తీర్పును ఇకముందుకే వర్తింపజేశారు. 1973లో కేశవానంద భారతి కేసు ఈ తీర్పును తోసిపుచ్చింది.

మరి కొద్ది నెలల్లో పదవీ విరమణ ఉండగా, 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. గోలక్‌నాథ్ తీర్పుకూ ఈ పోటీకీ ముడిపెట్టినవారున్నారు. ఆ వాదన నిలవదనిపిస్తుంది, హక్కుల పక్షం వహించడం ఆయనకు కొత్త కాదు: 1962లోనే ఖరక్ సింగ్ కేసులో పోలీసు నిఘాను తప్పుపడుతూ, గోప్యతా హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని ఆయన భిన్నాభిప్రాయం రాశారు. జె.సి. షా ఒక్కరే అందులో తోడున్నారు. ఆ అభిప్రాయాన్నే 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు సరైనదిగా స్వీకరించారు.

రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు దక్కిన ఓట్ల విలువ 3,63,971. గెలిచిన ప్రత్యర్థి జాకీర్ హుస్సేన్‌కు 4,71,244.