పూత మందు నుంచి మాత్ర దాకా: బోదకాలు కథ

కోస్తా ఆంధ్రలో బోదకాలు అన్న మాట వినని వారుండరు. ప్రాణం తీయదు గాని మనిషిని మంచానికో, ఇంటి అరుగుకో కట్టిపడేసే వ్యాధి ఇది. దీనికి మన పూర్వులు ఏ మూలికలు వాడారు? వాటి వల్ల ఒరిగిందేమిటి? ఒరగనిదేమిటి? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే వైద్య విజ్ఞాన చరిత్రలోని ఒక ముఖ్యమైన అధ్యాయం మన కళ్ళముందు నిలుస్తుంది.

ముందుగా వ్యాధి జరిగే చోటు చూద్దాం. రక్త కేశనాళికల నుంచి కణజాలంలోకి ఊరే ద్రవమంతా తిరిగి నేరుగా రక్తంలో చేరదు. మిగిలినదాన్ని సన్నని నాళాలు సేకరించి, మార్గమధ్యంలోని గ్రంథుల గుండా వడపోసి, మెడ దగ్గరి సిరల్లో కలుపుతాయి. ఈ ద్రవమే శోషరసం. రోజుకు కొన్ని లీటర్ల ద్రవం ఈ దారిన నడుస్తుంది. ఈ నాళాలు దెబ్బతింటే ద్రవం కాలిలోనే నిలిచిపోతుంది. కాలు వాస్తుంది, చర్మం మందమై గట్టిపడుతుంది.

శోషరస నాళాల సంగతి ప్రాచీన వైద్యులకు తెలియదు. అయినా వ్యాధి లక్షణాలను వారు నిశితంగా గమనించారు. శిలలా గట్టిపడిన పాదం కనుక దీనికి శ్లీపదం అని పేరు పెట్టారు. పాతనీరు నిలిచి, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే ప్రదేశాల్లో ఇది ఎక్కువగా పుడుతుందని సుశ్రుత సంహిత చెబుతుంది. దోమ పేరు అందులో లేదు. కాని దోమ పుట్టే చోటును మాత్రం ఆ గ్రంథం సరిగ్గానే చూపించింది!

చికిత్సకు వాడిన వస్తువులు మన పెరట్లోవే. ఉమ్మెత్త, ఆముదం, వావిలి, గలిజేరు, మునగ, ఆవాలు కలిపి నూరిన పూత మధ్యయుగపు వైద్య గ్రంథాల్లో ప్రసిద్ధం. శాఖోటకం, అంటే బరింక చెట్టు, బెరడు కషాయాన్ని లోపలికి ఇచ్చేవారు. మెడలో శోషరస గ్రంథులు వాచే గండమాలకు దేవకాంచనం బెరడు, గుగ్గిలం కలిసిన కాంచనార గుగ్గులు వాడుకలోకి వచ్చింది. ఈ మందుల వల్ల వాపు, నొప్పి కొంత తగ్గినట్లు అనిపించినా, వ్యాధికి మూలమేదో తెలియనప్పుడు దాన్ని తొలగించడం ఎలా?

మూలం 19వ శతాబ్దంలో బయటపడింది. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే వైద్యుడు రోగుల రక్తంలో అతి సన్నని పురుగు పిల్లలను చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ పెద్ద పురుగును కనుగొన్నాడు. మన దేశంలో అత్యధిక కేసులకు కారణమైన వుచరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు పేరులో ఆయన పేరు నిలిచింది. 1877లో చైనాలో ఉన్న పాట్రిక్ మాన్సన్, ఫైలేరియా ఉన్న మనిషిని కుట్టిన దోమలను కోసి చూసి, వాటిలో ఈ పిల్లలు పెరుగుతున్నాయని రుజువు చేశాడు. అయితే దోమ నీటిలో పడి చచ్చాక, ఆ నీరు తాగినవారికి వ్యాధి వస్తుందని ఆయన ఊహించాడు. 1900లో జార్జ్ కార్మైకేల్ లో దోమ తొండంలోనే పురుగు పిల్లలను చూడటంతో వ్యాధి దోమకాటు వల్లనే అంటుతుందని తేలింది.

ఇక మందు సంగతి. ఇక్కడ కథ మళ్ళీ గోదావరి డెల్టాకు చేరుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివారు. తీవ్రమైన స్ప్రూ వ్యాధికి లోనై, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తర్వాత అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. 1923లో అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకడంతో మందు కోసం అన్వేషణ ఊపందుకుంది. సుబ్బారావు బృందం ఫైలేరియా పురుగులున్న కాటన్ ఎలుకల మీద అనేక రసాయనాలను పరీక్షించింది. చివరకు పైపరజీన్ నుంచి తయారైన డైఇథైల్ కార్బమజీన్‌ను ఎంచుకుని 1947లో ప్రకటించింది. హెట్రజాన్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన మందు ఇదే. మరుసటి ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు.

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 1963లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ అంటువ్యాధుల సంస్థ ఈ కృషిలో శిక్షణ, పరిశోధన బాధ్యతలు చేపట్టింది. 2009 నుంచి దాని పేరు జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం. దాని ప్రాంతీయ ఫైలేరియా కేంద్రాల్లో ఒకటి మన రాజమండ్రిలోనే ఏర్పడింది. 2004లో వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏటా ఒకసారి అందరికీ మాత్రలు మింగించే పథకం ప్రారంభమైంది. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో మూడు మందులు కలిపి ఇస్తున్నారు. 2027 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలన్నది లక్ష్యం.

అంటే మూలికలను మరచిపోవలసిందేనా? లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తీసుకువెళ్ళింది. బరింక బెరడు నుంచి ఆస్పెరోసైడ్, స్ట్రెబ్లోసైడ్ అనే పదార్థాలను వేరుచేసి చూస్తే, అవి ఎలుకజాతి జంతువుల్లో ఫైలేరియా పురుగులపై పనిచేశాయి. సంప్రదాయంలో సత్యం ఉందని సంతోషించవచ్చు. కాని ఇవి గుండె మీద ప్రభావం చూపే గ్లైకోసైడ్ల కుటుంబానికి చెందినవి. మోతాదు కాస్త మించినా ప్రమాదమే. జంతువులో పనిచేసిన పదార్థం మనిషికి మందు కావాలంటే ఇంకా ఎన్నో మెట్లు ఎక్కాలి. జాతీయ కార్యక్రమంలో ఇచ్చే మాత్రల్లో ఇది లేదు.

హెట్రజాన్‌కూ హద్దులున్నాయి. అది రక్తంలోని పురుగు పిల్లలను బాగా తొలగిస్తుంది. కాని ఏళ్ళ తరబడి గట్టిపడిన కాలును మామూలు కాలుగా మార్చలేదు. అక్కడ కావలసింది రోజూ సబ్బుతో కడిగి తడి లేకుండా తుడవడం, వేళ్ళ సందుల్లో పుండ్లు పడకుండా చూడటం, కాలు ఎత్తులో ఉంచడం, తగిన వ్యాయామం. కేరళలోని కాసరగోడులో ఒక చర్మవైద్య సంస్థ ఈ శుభ్రతకు మూలికా కషాయ స్నానం, తైల మర్దన, యోగాసనాలు, బిగుతు కట్లు జోడించి, కాళ్ళ వాపు తగ్గినట్లు చూపింది. అయితే ఇన్ని చికిత్సలు కలిసినచోట ఫలితమంతా మూలికదేనని చెప్పలేం.

ఢిల్లీ పక్కనే ఘాజియాబాద్‌లో భారతీయ వైద్య ఔషధాల ప్రమాణాలను నిర్ణయించే ప్రయోగశాల 1970లో వెలసింది. సీసాలో ఉన్నది నిజంగా ఫలానా మొక్కేనా, అందులో కల్తీ ఉందా అన్నది తేల్చడానికి ఇలాంటి ప్రమాణాలు అవసరం. కాని స్వచ్ఛమైన మూలిక అయినంత మాత్రాన అది రోగం కుదురుస్తుందని రుజువైనట్లు కాదు. అది వేరే పరీక్ష. శోషరసాన్ని శుద్ధి చేస్తామంటూ అమ్మే పొడులు, టీల ప్రకటనలు చూసినప్పుడు విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

నీరు నిలిచే చోటును వేలెత్తి చూపిన సుశ్రుతుడి పరిశీలన గొప్పది. ఆ పరిశీలన దోమ దాకా, పురుగు దాకా, మాత్ర దాకా చేరడానికి ప్రతి అడుగులోనూ పరీక్ష కావలసి వచ్చింది. మీ ఊరికి ఫైలేరియా మాత్రలు వచ్చినప్పుడు ఆరోగ్య కార్యకర్త ఎదుటే వాటిని మింగండి. ఇంటి వెనుక మురుగు నిలవకుండా చూడండి. బోదకాలు ఉన్నవారిని దూరం పెట్టకండి, వారిని తాకితే ఈ వ్యాధి అంటదు.