వెట్టి తట్ట, శ్రమదానపు తట్ట



మన మర్రిగూడ వైపు ఊళ్లలో “సర్కారు ఇంత ఇస్తుంది, మిగతాది మీరు శ్రమదానంగా చేయండి” అంటే పెద్దవాళ్లు వెంటనే సరే అనరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అది సోమరితనం కాదు సుమా! దాని వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. ఆ చరిత్ర తెలుసుకోకుండా ఊరివాళ్లను పార పట్టమని అడగడం మన ఉద్యోగులకు తగదు. ఇవాళ ఆ సంగతే చెప్పుకుందాం.

ఊరి పని ఊరే చేసుకోవడం మనకు కొత్త కాదు. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల నాటి ఉదయసముద్రం ఇప్పటికీ నిలిచి ఉన్నది. చెరువులు కట్టించినది రాజులైనా, వాటిని బతికించినది ఊళ్లే. తూము ఎత్తి దించి మడిమడికీ నీరు పారించే నీరటికి కల్లంలోనే గింజలు కొలిచి ఇచ్చేవారు. వానలకు ముందు కట్ట మీది గండ్లు, ఎలుక బొక్కలు పూడ్చుకునేవారు. నీరు పారేవాడికే ఆ పని భారం. ఎవరి మడి కోసం వారు తట్ట ఎత్తినారు కనుక అందులో అవమానం లేదు.

అదే తట్ట నిజాం పాలనలో వెట్టికి కూడా పనిముట్టు అయింది. దొర గడికి, పటేలు పట్వారీలకు, దౌరా వచ్చిన అధికారులకు కూలి లేని చాకిరీ చేయవలసి వచ్చేది. కులానికొక పని, ఇంటికొక మనిషి. రానంటే దెబ్బలు. ఆంధ్ర మహాసభ దీనిని ఎదిరించినది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా ముందు నిలిచినది. వెట్టి పోవాలన్నది ఆ పోరాటపు మొదటి కోరికలలో ఒకటి. 1951 ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు దానమిచ్చినారు. భూదానం అక్కడే పుట్టింది.

ఆ మరుసటి ఏడే, 1952 అక్టోబరు 2న, దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. ఏడాది తరువాత జాతీయ విస్తరణ సేవ వచ్చింది. బ్లాకులు ఏర్పడినవి, గ్రామసేవకులు ఊళ్లకు వచ్చినారు. బండి బాట, బడి, మంచినీటి బావి – దేనికైనా కొంత సర్కారు సొమ్ము, కొంత ప్రజల వాటా. ప్రజలు ఎత్తిన మట్టికి రూపాయలలో వెల కట్టి లెక్కలో రాసేవారు.

లెక్క సరే. ఆ లెక్కలో కనపడనిది ఒకటి ఉన్నది. వంద ఎకరాల ఆసామీ ఒక పూట పార పట్టితే ఆయన ఇంట్లో పొయ్యి ఆరదు. బాట పడితే ఆయన ధాన్యపు బండ్లే ముందు సాగుతాయి. రెక్కాడితే గాని డొక్కాడని కూలివాడికి ఒక పూట అంటే ఆ పూట తిండే. ఇద్దరి చేత ఒకే తీరుగా తట్ట మోయించి సమానమని రాస్తే, అది పేరు మార్చుకున్న వెట్టి కాదా? నిన్నమొన్న వెట్టి వదిలించుకున్న జిల్లాలో పెద్దవాళ్లు మొహాలు చూసుకున్నారంటే తప్పు ఎవరిది?

పై నుంచి వచ్చే పథకానికి ప్రజల చొరవ తగినంత కలవడం లేదని బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లోనే తేల్చింది. అధికారం ఊరికి, సమితికి ఇవ్వమన్నది. ఆ ప్రకారం 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. నాటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌కు నెహ్రూ గారు వచ్చి ఈ ఏర్పాటును ప్రారంభించినారు. 1986 చట్టంతో సమితులు పోయి మండల ప్రజాపరిషత్తులు వచ్చినవి. ఏ పని ముందు చేయాలన్నది ఊరే నిర్ణయించాలన్న మూలసూత్రం మాత్రం మారలేదు.

మహబూబ్‌నగర్ అన్నాక పాలమూరు కూలీలను తలచుకోక తప్పదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పిల్లాజెల్లాతో బయలుదేరి, దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి ఎత్తినవారు వాళ్లు. పరాయి ఊళ్ల పొలాలకు నీళ్లు పారించే పని చేసి ఇంటికి వస్తే తమ ఊరి చెరువు తెగి ఉండేది. మట్టిపని తెలియక కాదు. ఊరిలో ఆ పనికి కూలి లేకపోయింది. 2006లో ఉపాధి హామీ చట్టం అమలుకు వచ్చినప్పుడు మొదటి విడతలోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు చేరినవి. ఊరి చెరువులో పూడిక తీస్తే కూలి ఇవ్వాలని చట్టమే చెప్పింది. పేదవాడి శ్రమకు వెల ఉన్నదని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

శ్రమదానంతో కాని పనులూ ఉన్నవి. మర్రిగూడ వాళ్లకు ఇది ఒకరు చెప్పనక్కరలేదు. మన భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. ఊరంతా ఏకమై ఎంత లోతు బావి తవ్వినా, రాతిలోని ఫ్లోరైడ్ నీటిలోకి దిగకుండా ఆపలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిని తేర్చే పద్ధతికి మన జిల్లా పేరే పడి ‘నల్లగొండ పద్ధతి’ అయింది. అసలు మందు దూరం నుంచి తెచ్చే నది నీరే. అందుకు పంపులు, గొట్టాలు, కోట్ల సొమ్ము కావాలి. అది సర్కారు బాధ్యత. 2015 జూన్‌లో మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో లేచింది. అయితే ఊరి ట్యాంకు కడిగించడం, కారే నల్లా కట్టేయడం ఊరి బాధ్యతే.

ఆ 2015లోనే మిషన్ కాకతీయ మొదలైంది. చెరువు మట్టి తవ్వి ఎత్తే ఖర్చు సర్కారుది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. తోలుకున్నవాడి చెల్క నేలకే తేమ పట్టే గుణం వచ్చింది. ఎవరి ఖర్చు ఎవరిదో, ఎవరి లాభం ఎవరిదో ముందే తేటగా ఉన్నది. అందుకే బలవంతం లేకుండా బండ్లు కదిలినవి.

కనుక సోదరులారా, ఈసారి మీ ఊరిలో శ్రమదానం మాట వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పని గ్రామసభలో మనం కోరినదేనా? లాభం ఎక్కువ పొందేవాడు ఎక్కువ ఇస్తున్నాడా? సర్కారు తన వాటా ఎంతో, ఎప్పుడో చెప్పి గోడ మీద రాయించిందా? పని అయ్యాక మరమ్మతు ఎవరిది?

నాలుగింటికీ జవాబు దొరికితే నిస్సంకోచంగా పార పట్టండి. కట్ట పని అయితే మట్టిని కట్ట మొదట్లో తవ్వకండి, దూరంగా తవ్వి తెచ్చుకోండి. పొరపొరకూ తడిపి దిమ్మిస కొట్టండి. ఊరికే పోసిన మట్టి మొదటి వానకే జారిపోతుంది. జవాబు దొరకకపోతే, దొరికేదాకా తట్ట కింద పెట్టి అడగండి. అడిగే హక్కు ఉన్నది కనుకనే ఇది శ్రమదానం. ఆ హక్కు లేని నాడు దాని పేరు వెట్టి.