తెరచాప పడవలో దూరయానం: భద్రత, దినచర్య

గాలినే నమ్ముకొని, కొద్దిమంది సిబ్బందితో, వారాలూ నెలలూ సముద్రంలో సాగే చిన్న పడవల్లో ప్రాణరక్షణ పద్ధతులు, నిత్యజీవన ఏర్పాట్లు రూపుదిద్దుకున్న చరిత్ర ఇది. ఈ పడవల పొడవు సాధారణంగా 25 నుంచి 60 అడుగులు. సరుకు ఓడలూ చేపల పడవలూ వేల ఏళ్లుగా తెరచాపలతో నడిచినా, ప్రయాణమే ధ్యేయంగా ఒకరిద్దరు మహాసముద్రాలు దాటడం 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో మొదలైంది.

స్లోకమ్ యాత్ర

నోవా స్కోషియాలో పుట్టిన జాషువా స్లోకమ్ శిథిలమైన పాత పడవను స్వయంగా పునర్నిర్మించి 'స్ప్రే' పేరుతో నీటిలో దించాడు. 1895 ఏప్రిల్‌లో బోస్టన్‌లో బయలుదేరి 1898 జూన్‌లో న్యూపోర్ట్ చేరి, ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన తొలి నావికుడయ్యాడు. ఆయన దగ్గర ఖరీదైన కాలమాపకం లేదు. యార్మత్‌లో ఒక డాలరుకు కొన్న రేకు గడియారమే ఆధారం. చుక్కాని చక్రాన్ని తాడుతో కట్టేస్తే స్ప్రే దారి తప్పేది కాదు. థర్స్‌డే ఐలాండ్ నుంచి కోకోస్ దీవుల వరకు 2,700 మైళ్లు, 23 రోజులు. ఆ దూరంలో స్లోకమ్ చుక్కాని పట్టింది మూడు గంటలకు మించదు. మిగతా సమయంలో వండుకున్నాడు, చదువుకున్నాడు, నిద్రపోయాడు. టియెర్రా డెల్ ఫ్యూగో దగ్గర రాత్రివేళ దాడులకు భయపడి డెక్ మీద మేకులు పరిచిన ఉదంతం బాగా ప్రసిద్ధం. అయితే భద్రత దృష్ట్యా చూస్తే పడవ తనంతట తాను దారి పట్టడమే ఈ యాత్రలో అన్నిటికన్నా విలువైన అంశం. 1909లో అదే పడవలో బయలుదేరిన స్లోకమ్ మళ్లీ కనిపించలేదు.

తర్వాతి అర్ధ శతాబ్దంలో ఇలాంటి యాత్రికులు అడపాదడపా కనిపిస్తారు గాని పరికరాల్లో మార్పు స్వల్పం.

1960 నుంచి 1979 వరకు

బ్రిటిష్ మెరైన్ దళాధికారి బ్లాండీ హాస్లర్ చొరవతో 1960లో అట్లాంటిక్ మీదుగా ఒంటరి నావికుల పందెం జరిగింది. పాల్గొన్న ఐదు పడవలూ గమ్యం చేరాయి. ఫ్రాన్సిస్ చిచెస్టర్ 40 రోజుల్లో ముందుగా చేరాడు. హాస్లర్‌కు 48 రోజులు పట్టింది. హాస్లర్ పడవ 'జెస్టర్' పొడవు 25 అడుగులే. తెరచాప ఎత్తడం, దించడం, కుదించడం అన్నీ మధ్యనున్న గూటి ద్వారం దగ్గర నిలబడే చేయవచ్చు. తుపానులో డెక్ మీద పాకే అవసరమే లేదు. గాలి దిశను పట్టుకొని చుక్కానిని తిప్పే పలకను ఉపయోగకరంగా తీర్చిదిద్దింది కూడా ఆయనే. ఈ రెండింటి వల్ల అలసట తగ్గింది. చిన్న పడవలో చాలా ప్రమాదాలకు మూలం అలసటే కనుక హాస్లర్ కృషిని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఫాల్‌మత్ విడిచి 1969 ఏప్రిల్ 22న తిరిగివచ్చి, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన మొదటివాడయ్యాడు. ఆయన 32 అడుగుల 'సుహైలీ' బొంబాయి వడ్రంగులు టేకుతో కట్టిన పడవ. దారిలో మంచినీటి ట్యాంకులు పాడైతే వాననీరు పట్టుకున్నాడు. అడుగున నీరు కారితే సముద్రంలో దిగి బీటలు పూడ్చాడు. ఆయన పాల్గొన్న ఒంటరి ప్రపంచ ప్రదక్షిణ పందెంలో బయలుదేరిన తొమ్మిదిమందిలో పూర్తి చేసింది ఆయనొక్కడే.

1979 ఆగస్టులో తెరచాప పడవల ఫాస్ట్‌నెట్ పందెం తుపానులో చిక్కుకుంది. బయలుదేరిన 303 పడవల్లో 85 మాత్రమే పూర్తి చేశాయి. 15 మంది పోటీదారులు మరణించారు. సిబ్బంది వదిలేసిన 24 పడవల్లో మునిగినవి ఐదే, తక్కినవి తేలుతూ దొరికాయి. ఏడుగురి మరణాలు ప్రాణరక్షక తెప్పలతో ముడిపడినవని, వారు విడిచిన పడవలు ఆ తర్వాత తేలుతూనే కనిపించాయని విచారణ నివేదిక నమోదు చేసింది. పడవ నిజంగా మునుగుతున్నప్పుడే తెప్ప ఎక్కాలన్న సూత్రం అప్పటి నుంచి శిక్షణలో స్థిరపడింది. మనిషిని పడవకు కట్టి ఉంచే హార్నెస్ (పట్టీల) కొక్కేలు, వాటిని తగిలించే బిందువుల బలం, కేబిన్ ద్వారపు పలకలు ఊడిపోకుండా బిగించడం, పొయ్యి, బ్యాటరీలు పడవ తలకిందులైనా కదలకుండా ఉండటం వంటి నియమాలు కట్టుదిట్టమయ్యాయి.

దినచర్య

దూరయానంలో రోజును గంటలుగా కాక కాపలా వంతులుగా లెక్కిస్తారు. మూడు నాలుగు గంటల వంతు ముగియగానే ఒకరు పడక ఎక్కుతారు. పడవ ఒరిగినా దొర్లిపోకుండా పడక పక్కన గుడ్డతెర కడతారు. ఒంటరివారు ఓడల దారుల్లో ఇరవై నిమిషాల కునుకులతో సరిపెట్టుకుంటారు. పొయ్యి ఊగే చట్రంలో ఉంటుంది, పడవ ఎటు వాలినా గిన్నె నిటారుగా నిలుస్తుంది. కెరటం ఎక్కువగా ఉంటే వంట చేసేవారు నడుముకు పట్టీ కట్టుకొని, ఒంటి మీద వానకోటు వేసుకుంటారు. మరుగునీటి బొబ్బలు సముద్రంలో చిన్న గాయం కాదు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, కారితే పడవ అడుగున చేరి పేలుతుంది. అందుకే సిలిండరును పడవ బయటికి రంధ్రమున్న విడి అరలో పెడతారు. ఫ్రిజ్ లేని పడవల్లో గుడ్లకు వాజలిన్ పూసి నిల్వ చేస్తారు. గిన్నెలు సముద్రపు నీటితో కడిగి మంచినీటిని తాగడానికి దాచుకుంటారు. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది గాని యంత్రం చెడినప్పుడు పాత పద్ధతే శరణ్యం. రాత్రి డెక్ మీదికి వచ్చేవారు ద్వారం దాటకముందే హార్నెస్ తగిలించుకోవాలి. గాలి బలపడకముందే తెరచాప కుదించాలి.

భారత నౌకాదళ యాత్రలు

గోవాలో రత్నాకర్ దండేకర్ నౌకాశాల కట్టిన 'మాదేయి'లో దిలీప్ దొండే 2009–10లో ఒంటరిగా, అభిలాష్ టామీ 2012–13లో ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టారు. అదే నౌకాశాలలో తయారైన 'తారిణి'లో ఆరుగురు మహిళాధికారులు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చారు. వర్తికా జోషి నాయకత్వంలోని ఈ బృందంలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్‌లలో ఆగుతూ కేప్ హార్న్ చుట్టివచ్చారు. చుక్కాని వ్యవస్థ దెబ్బతినగా మారిషస్‌లో ఆగి బాగు చేసుకొని స్వదేశం చేరిన తీరు ప్రశంసనీయం.

1980ల నుంచి అందుబాటులోకి వచ్చిన ఉపగ్రహ ఆపద సంకేత పరికరాల విలువ 2018 సెప్టెంబరులో మరోసారి తెలిసింది. ఒంటరి ప్రపంచ ప్రదక్షిణ పందెంలో అభిలాష్ టామీ నడుపుతున్న, సుహైలీ నమూనాలో గోవాలో కట్టిన 'తురీయ' దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో తెరచాప స్తంభాలు కోల్పోయింది. వెన్ను గాయంతో కదలలేని టామీ పడవను విడవకుండా పడక మీదే ఉండి సందేశాలు పంపాడు. నౌకాదళ విమానం పడవను గుర్తించింది, ఫ్రెంచి నౌక 'ఒసిరిస్' ఆయనను రక్షించింది. శస్త్రచికిత్స తర్వాత కోలుకొని, 2022లో మొదలైన అదే పందెంలో ఆయన రెండో స్థానం సాధించాడు. 2024 అక్టోబరులో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులు తారిణిలోనే బయలుదేరి, 2025 మేలో ప్రదక్షిణ పూర్తి చేశారు.