క్షయ మందుల విధానంపై సేవాసంస్థల ప్రభావం: బళ్లారి సరిహద్దు ప్రాంతం

క్షయ రోగికి ఏ మందు, ఎవరి ఖర్చుతో, ఎంతకాలం అందాలో నేడు ప్రభుత్వమే నిర్ణయిస్తున్నా, ఆ నిర్ణయాలు రూపుదిద్దుకోవడంలో మిషన్ వైద్యశాలలకు, ధర్మాసుపత్రులకు, రోగుల పక్షాన నిలిచిన సంఘాలకు నూరేళ్లకు పైబడిన పాత్ర ఉంది. బళ్లారి జిల్లా, దానికి ఆనుకుని ఉన్న రాయలసీమ ప్రాంతాలు ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తాయి. 1882లో బళ్లారి జిల్లాను విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరిచారు; 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు దక్కగా, బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రంలో చేరింది. రాష్ట్రాలు వేరుపడినా పెళ్లి సంబంధాలూ కూలిపనులూ హద్దు దాటి సాగుతూనే ఉన్నాయి. సండూరు, హొసపేటె వైపు ఇనుపఖనిజం గనుల ప్రాంతంలో రాతిదుమ్ము పీల్చే కార్మికుల ఊపిరితిత్తులకు క్షయ ముప్పు ఎక్కువ.

క్షయకు మందే లేని రోజుల్లో, 1915లో, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో పలు క్రైస్తవ మిషన్లు ఉమ్మడిగా ఒక శానటోరియం, అంటే రోగులను నెలల తరబడి విశ్రాంతి, మంచి గాలి, బలవర్ధకమైన తిండితో ఉంచే ఆసుపత్రి, నెలకొల్పాయి. దాని తొలి అధిపతి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. విరాళాలతో 1939లో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘానికి వైద్య కమిషనరుగా వెళ్లిన ఆయన, దేశంలోని రోగులందరికీ సరిపడా మంచాలు ఎన్నటికీ సమకూరవని గుర్తించి, క్లినిక్ వైద్యుడి పర్యవేక్షణలో ఆరోగ్య కార్యకర్తలు రోగి ఇంటికి వెళ్లి చూసే వ్యవస్థీకృత గృహచికిత్సను ఢిల్లీలో ప్రారంభింపజేశారు. ఏళ్ల తరబడి శానటోరియం నడిపిన మనిషి నోట ఈ మాట రావడం వల్లనే దానికి అంత బరువు వచ్చిందనుకోవచ్చు.

1940 దశకంలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక ప్రశ్న మారింది: మందు ఉన్నప్పుడు మంచం అవసరమా? 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ రసాయన చికిత్సా కేంద్రం, ఇంటి దగ్గర మందులు మింగిన పేద రోగులు శానటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారని, వారి వల్ల కుటుంబంలోని వారికి అదనపు ముప్పేమీ కలగలేదని 1959లో వెల్లడించింది. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ దీని ఆధారంగా జిల్లా క్షయ కార్యక్రమాన్ని రూపొందించి 1961లో అనంతపురం జిల్లాలో ప్రయోగాత్మకంగా అమలుచేసింది. మామూలు ఆరోగ్య కేంద్రంలోనే తెమడను సూక్ష్మదర్శినితో పరీక్షించి, మందులు ఇచ్చి పంపడం దాని సారం. మరుసటి ఏడే అది జాతీయ కార్యక్రమమైంది. ఈ రెండు సంస్థలూ ప్రభుత్వానివే, సేవాసంస్థలు కావు. అయినా గృహచికిత్స ఆలోచనకు రెండు దశాబ్దాల ముందే నేల దున్ని పెట్టింది విరాళాలతో నడిచిన సంఘమే.

కాగితం మీద ఉచితమైన మందు ఆరోగ్య కేంద్రంలో మాత్రం తరచు నిండుకునేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, స్వీడన్ సహాయ సంస్థలతో కలిసి కేంద్ర ప్రభుత్వం 1992లో జరిపిన సమీక్ష నిధుల కొరతను, మందుల కొరతను, చికిత్స పూర్తిచేసేవారు తక్కువగా ఉండటాన్ని ఎత్తిచూపింది. అటుపై వచ్చిన సవరించిన కార్యక్రమం డాట్స్ పద్ధతిని, అంటే మరొకరి కళ్ల ఎదుట మందు మింగించే పద్ధతిని, స్వీకరించింది. దాని గుండెకాయ ఒక అట్టపెట్టె: కొత్త రోగికి ఎర్రరంగు గుర్తుది, మళ్లీ చికిత్స తీసుకునేవారికి నీలిరంగుది. పూర్తి కోర్సుకు సరిపడా మందులు మొదటిరోజే ఆ పెట్టెలో ఆ రోగి పేరిట పక్కన పెట్టేవారు కాబట్టి, స్టాకు లేదని మధ్యలో తిప్పి పంపే అవకాశం తగ్గింది.

ఈ పద్ధతికి ప్రైవేటు వైద్యులను కలపవచ్చని చూపింది హైదరాబాదులోని భగవాన్ మహావీర్ ధర్మాసుపత్రి. 1998 నుంచి సుమారు 5 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో, ప్రైవేటు డాక్టర్లు రోగులను పంపడం, ప్రభుత్వం మందులు సరఫరా చేయడం, నర్సింగ్‌హోములు దగ్గరుండి మింగించడం అనే ఏర్పాటును ఈ ఆసుపత్రి నడిపింది. 2001లో స్వచ్ఛంద సంస్థల కోసం, 2002లో ప్రైవేటు వైద్యుల కోసం కేంద్రం వెలువరించిన మార్గదర్శకాలకు ముందు నడిచిన నమూనాలలో ఇది ముఖ్యమైనది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్‌ఐవీ, క్షయ రోగులకు చికిత్స అందిస్తూ వచ్చింది. ఇలాంటి సంస్థలపై ఉన్న విమర్శ తోసిపుచ్చదగింది కాదు: ప్రభుత్వం చేయవలసిన పనిని ధర్మాసుపత్రి చేస్తూ పోతే, చేయలేదని అడిగేవారు కరువవుతారు.

అడగడం మరో తరం సంఘాల వంతైంది. మందులకు లొంగని క్షయకు బెడాక్విలిన్ అనే కొత్త మాత్రను 2016లో దేశంలోని ఆరు కేంద్రాలకే పరిమితంగా ఇస్తున్నప్పుడు, ఒక యువతికి స్థానికురాలు కాదనే కారణంతో మందు నిరాకరించగా, లాయర్స్ కలెక్టివ్ సంస్థ న్యాయవాదులు ఢిల్లీ హైకోర్టులో ఆమె పక్షాన వాదించారు. 2017 జనవరిలో ఆమెకు మందు ఇచ్చేందుకు ఒప్పందం కుదిరింది. ఆ మాత్రపై పేటెంటును, అంటే ఒకే కంపెనీ తయారుచేసే ప్రత్యేక హక్కును, మరికొన్నేళ్లు పొడిగించే దరఖాస్తును క్షయ నుంచి బయటపడిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా తిసిలే 2019లో సవాలు చేశారు. సరిహద్దులు లేని వైద్యులు అనే అంతర్జాతీయ సంస్థ వారికి తోడ్పడింది. 2023 మార్చిలో భారత పేటెంట్ కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించడంతో, జూలైలో మూల పేటెంటు గడువు తీరాక దేశీయ కంపెనీలకు దారి తెరుచుకుంది. మందుకు స్థానికతను ముడిపెట్టడం బళ్లారి వంటి సరిహద్దు జిల్లాకు మామూలు విషయం కాదు. ఆదోనిలో రేషన్ కార్డు, సండూరులో కూలి ఉన్న మనిషి ఏ ఊరివాడో చెప్పడం కష్టం.

కర్ణాటక ఆరోగ్య ప్రోత్సాహక ట్రస్టు 2020 తర్వాత కర్ణాటక, తెలంగాణ, బీహార్, అస్సాం రాష్ట్రాలలో గని కార్మికులు, వలసదారుల వంటి వర్గాలపై దృష్టి పెట్టి పనిచేసింది. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ నిధులతో సాగిన ఇటువంటి పనులకు ఆ సంస్థ 2025లో మూతపడటంతో ఆధారం పోయింది. అంతకుముందే, 2024 మార్చిలో, సరఫరాలో జాప్యం కారణంగా మూడు నెలలకు సరిపడా క్షయ మందులను స్థానికంగా కొనుక్కోవాలని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది.